జిప్పా, రారా, టారా, 7జెడ్డా? మూట విప్పేవాళ్ళను చూసి కట్టండి

మిర్యాలగూడ రైస్ మిల్లులో లెక్కలు చూసే ఒకతను మార్చి నెలాఖరున మా దుకాణానికి వచ్చాడు. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర డీటీపీ, జిరాక్స్, కంప్యూటర్ రిపేరు అన్నీ కలిపి నడిపే చిన్న దుకాణం మాది. చేతిలో పెన్‌డ్రైవ్, ముఖంలో చిరాకు. "అన్నా, ట్యాలీ డేటా అంతా చిన్నగ చేసి ఆడిటర్ సార్‌కు పంపిన. ఆయన దగ్గర తెరుచుకుంటలేదట. నా కంప్యూటర్ల మంచిగనే తెరుచుకుంటున్నది. తప్పెవరిది?"

చూస్తే 7జెడ్ ఫైల్, అంటే 7-జిప్ అనే సాధనంతో కుదించి కట్టిన మూట. ఎవరో చెప్పారని కుదింపును అల్ట్రాలో, అంటే అన్నింటికంటే పై స్థాయిలో, పెట్టి చేశాడు. ఆడిటర్ దగ్గరున్నది విండోస్ 10. ఆ ఫైల్‌ను విప్పే సాధనం అందులో పుట్టుకతో ఉండదు, విడిగా వేసుకోవాలి. ఆ ఆఫీసులో వేసుకోలేదు. అదే ఫోల్డర్‌ను జిప్ చేసి ఇచ్చాను. మునుపటికంటే కాస్త పెద్దగా వచ్చింది, అయినా మెయిల్‌లో పట్టింది. పావుగంటలో సార్ ఫోన్ చేసి "వచ్చింది" అన్నాడు. ట్యాలీ మూసేసి ఆ తర్వాత ఫోల్డర్‌ను కుదించమని కూడా చెప్పి పంపాను. తెరిచి ఉన్నప్పుడు కుదిస్తే ఫైళ్ళు సగం సగం వస్తాయి.

దుకాణానికి వచ్చే అందరూ అడిగేది ఒకటే: "ఏది వాడితే ఇంకా చిన్నగైతది?" ఫ్లాపీలు, డయలప్ నెట్ ఉన్న రోజుల్లో అది సరైన ప్రశ్నే. ఇప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా 2 జీబీ దాకా పోతుంది. జీమెయిల్‌లో 25 ఎంబీ దాటితే డ్రైవ్ లింకు తనంతట తనే తయారవుతుంది. ఇంకో నాలుగు ఎంబీ తగ్గనందుకు ఆగిన పని నేను చూడలేదు, అవతల తెరుచుకోక ఆగిన పనులు మాత్రం నెలకు నాలుగు చూస్తాను. అందుకే నేను ముందు అడిగేది వేరు: ఎవరికి పంపుతున్నారు, వాళ్ళ మిషన్ ఏది?

అసలు తగ్గేవేవి, తగ్గనివేవి

దేవరకొండ నుంచి ఒక స్టూడియో తమ్ముడు పెళ్ళి ఫోటోల ఫోల్డర్‌కు 7జెడ్ అల్ట్రా పెట్టి రాత్రంతా కంప్యూటర్ నడిపించాడు. పొద్దున లేచి చూస్తే సైజు దాదాపు అంతే. జేపెగ్ ఫోటో, ఎంపీ4 వీడియో, ఎంపీ3 పాట తయారయ్యేటప్పుడే కుదించుకుని వస్తాయి. పిండి ఆరేసిన బట్టను మళ్ళీ పిండితే ఎన్ని నీళ్ళు రాలతాయి? వర్డ్ డాక్స్, ఎక్సెల్ ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్, ఫోన్ యాప్ ఏపీకే, ఇవన్నీ లోపల జిప్ ఫైళ్ళే. నమ్మకం లేకపోతే ఒక వర్డ్ ఫైల్‌ను కాపీ తీసి, పేరు చివర జిప్ అని మార్చి తెరవండి. అందులోని ఫోటోలన్నీ ఒక ఫోల్డర్‌లో విడిగా కనిపిస్తాయి. వర్డ్‌లో అతికించిన ఫోటోలు విడిగా కావాలని వచ్చేవాళ్ళకు నేను తీసిచ్చేది ఇట్లాగే.

అయితే ఫోటోలను కుదించొద్దని కాదు. ఎనిమిది వందల ఫైళ్ళు ఒక్క ఫైల్ కావడమే ఒక లాభం. పెన్‌డ్రైవ్‌కు చిన్న ఫైళ్ళు వందలు ఎక్కించడం కంటే ఒక్క పెద్ద ఫైల్ ఎక్కించడం చాలా జల్ది అవుతుంది. పైగా వాట్సాప్‌లో ఫోటోగా పంపితే నాణ్యత పడిపోతుంది, జిప్‌లో పెట్టి డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు పోతుంది. ఇట్లాంటప్పుడు 7-జిప్‌లో కుదింపు స్థాయిని ‘స్టోర్’ అని పెట్టండి. కుదించే ప్రయత్నమే చేయదు, మూట మాత్రం కడుతుంది. ఆ తమ్ముడి పని రాత్రంతా కాకుండా కొద్ది నిమిషాల్లో అయ్యేది.

నిజంగా తగ్గేవి వేరే ఉన్నాయి. పుట్టపాక, పోచంపల్లి దిక్కు ఇక్కత్ డిజైన్లు కంప్యూటర్‌లో గడులు గడులుగా గీసేవాళ్ళు బీఎంపీ ఫైళ్ళు, అంటే కుదించకుండా దాచిన బొమ్మలు, తెస్తుంటారు. ఒకే రంగు గడులు వరుసగా వందలు ఉంటాయి. ప్రతి గడినీ విడిగా రాసే బదులు "ఇక్కడి నుంచి ఇన్ని ఎరుపు" అని ఒకసారి రాసుకుంటే సరిపోతుంది కాబట్టి ఆ ఫైళ్ళు కుదిస్తే ఒక మూలకు చేరతాయి. కుదించకుండా దాచిన టిఫ్ బొమ్మలు, డేటాబేస్‌లు, సాదా టెక్స్ట్ ఫైళ్ళు కూడా అంతే.

తెలుగు టెక్స్ట్‌కు ఇంకో విశేషం ఉంది. కంప్యూటర్‌లో అన్ని భాషల అక్షరాలు దాచే యూనికోడ్‌లోని యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు పడితే, తెలుగులో అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు ఒక్కోదానికి 3 బైట్లు పడతాయి. ఆ మూడింటిలో మొదటి బైటు ఎప్పుడూ ఒకటే, రెండోది రెండింటిలో ఏదో ఒకటి. అంటే తెలుగు ఫైల్ నిండా చెప్పిందే చెప్పుడు. కుదింపు సాధనాలకు కావలసింది అదే. తెలుగు కథల ఫైల్ ఒకటి తీసుకుని జిప్ చేసి చూడండి, ఇంత బరువు ఇందులో ఊరికే ఉందా అనిపిస్తుంది.

జిప్: అందరికీ ఒకే తాళంచెవి

ఫిల్ కాట్జ్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ 1989లో జిప్‌ను బయటపెట్టాడు, దాని వివరాలను దాచుకోకుండా అందరికీ ఇచ్చాడు. అందుకే ఈరోజు అది లేని మిషన్ దాదాపు లేదు. విండోస్ 10లో ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, సెండ్ టు, కంప్రెస్డ్ ఫోల్డర్. విండోస్ 11లో రైట్ క్లిక్‌లోనే కంప్రెస్ టు జిప్. మ్యాక్‌లో ఫైండర్‌లో రైట్ క్లిక్, కంప్రెస్. ఉబుంటులోనూ రైట్ క్లిక్, కంప్రెస్. ఐఫోన్‌లో ఫైల్స్ యాప్‌లో ఫోల్డర్ మీద వేలు నొక్కి పట్టుకుంటే అదే మాట కనిపిస్తుంది, ఐఓఎస్ 13 నుంచి ఉంది. ఆండ్రాయిడ్‌లో కంపెనీని బట్టి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. లేకపోతే జెడ్‌ఆర్కైవర్ యాప్ చాలు.

అవతలివాళ్ళ మిషన్ ఏదో తెలియకపోతే జిప్ పంపండి. కలెక్టరేట్‌కైనా, కాలేజీకైనా, అమెరికాలో ఉన్న మేనత్త కొడుకుకైనా ఇదే నా జవాబు. కానీ జిప్‌తో వచ్చే తంటాలు కొన్ని మా దుకాణంలో పదే పదే కనిపిస్తాయి.

అన్నింటికంటే ఎక్కువ ఏడిపించేది ఇది. విండోస్‌లో జిప్ మీద డబుల్ క్లిక్ చేస్తే మామూలు ఫోల్డర్ లాగే తెరుచుకుంటుంది. అందులోని వర్డ్ ఫైల్‌ను అక్కడే తెరిచి, గంటసేపు టైప్ చేసి, మూసేస్తారు. నిజానికి అది ఎక్కడో తాత్కాలిక ఫోల్డర్‌లో తెరుచుకున్న నకలు. చేసిన మార్పులు జిప్‌లోకి తిరిగి రావు. థీసిస్ రాసే ఒక చెల్లె ఇట్లా ఒక అధ్యాయం పోగొట్టుకుని వచ్చింది, తాత్కాలిక ఫోల్డర్లన్నీ గాలించినా దొరకలేదు. ముందు ‘ఎక్స్‌ట్రాక్ట్ ఆల్’ నొక్కాలి, పని తర్వాత.

రెండోది తెలుగు పేర్లు. పుట్టినప్పుడు జిప్‌కు ఇంగ్లీషు, ఐరోపా అక్షరాలే తెలుసు. ఫైల్ పేర్లను యూనికోడ్‌లో రాసే గుర్తు దానికి 2006లో వచ్చింది. పాత సాధనాలు ఆ గుర్తును పట్టించుకోవు. విండోస్ 7 సొంత జిప్ సాధనమైతే తెలుగు పేరున్న ఫైల్‌ను చూసి, ఇందులోని అక్షరాలను కుదించిన ఫోల్డర్‌లో వాడలేను, పేరు మార్చుకో అనేది. మా జిల్లాలో ఇప్పటికీ విండోస్ 7 మీద నడిచే డీటీపీ సెంటర్లు, స్కూలు ల్యాబ్‌లు ఉన్నాయి. వాటికి పంపేటప్పుడు లోపలి ఫైళ్ళకు ఇంగ్లీషు అక్షరాల్లో పేర్లు పెట్టండి, లేదా ఇరువైపులా 7-జిప్ వాడండి. అను స్క్రిప్ట్ అనే తెలుగు ఫాంటులో కొట్టిన పేజ్‌మేకర్ ఫైల్ పంపేటప్పుడు అసలు తంటా జిప్‌ది కాదు. అవతల ఆ ఫాంటు లేకపోతే ఏ మూటలో కట్టినా గీతలూ గుర్తులే కనిపిస్తాయి. పక్కన ఒక పీడీఎఫ్ కూడా వేయండి.

మూడోది మ్యాక్ నుంచి వచ్చే జిప్‌లు. విండోస్‌లో విప్పగానే అసలు ఫోల్డర్ పక్కన మ్యాక్ ఓఎస్ ఎక్స్ అనే పేరుతో ఇంకో ఫోల్డర్, అందులో అవే పేర్లతో తెరుచుకోని చిన్న చిన్న ఫైళ్ళు. వైరస్ అని భయపడి మొత్తం తీసేసినవాళ్ళు ఉన్నారు. అది మ్యాక్ తన కోసం రాసుకున్న అదనపు సమాచారం. ఆ ఒక్క ఫోల్డర్‌ను తీసేస్తే చాలు. మ్యాక్ వాడేవాళ్ళు కేకా అనే సాధనం వేసుకుంటే ఆ చెత్త లేకుండా జిప్ చేసే వీలుంది.

పాత జిప్‌కు ఇంకో హద్దు: ఒక ఫైల్ 4 జీబీ, మొత్తం ఫైళ్ళు 65,535 దాటకూడదు. పెద్ద ఫైళ్ళ కోసం జిప్64 అనే కొత్త రకం వచ్చాక ఆ హద్దు పోయింది, ఇప్పటి సాధనాలకు బాధ లేదు. పెన్‌డ్రైవ్ ఫైళ్ళు దాచే పాత పద్ధతి ఫ్యాట్32లో ఉంటే మాత్రం అదే 4 జీబీ గోడ ఇంకో రూపంలో ఎదురవుతుంది. జాగా ఎంత ఉన్నా అంతకంటే పెద్ద ఫైల్‌ను తీసుకోదు. పెన్‌డ్రైవ్‌లోని ఫైళ్ళను పక్కన దాచుకుని దాన్ని ఎక్స్‌ఫ్యాట్‌కు మార్చండి, విండోస్‌కూ మ్యాక్‌కూ ఇప్పటి లినక్స్‌కూ అర్థమవుతుంది. లేదా 7-జిప్‌లో ముక్కలుగా విడగొట్టండి. విప్పేటప్పుడు ముక్కలన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉండాలి, ‘001’ అని ఉన్నదాన్ని తెరవాలి. ఒక్క ముక్క పోయినా మిగతావాటితో పని కాదు.

7జెడ్: దాచుకోవడానికి నా మొదటి ఎంపిక

ఇగోర్ పావ్లోవ్ అనే రష్యన్ 1999 నుంచి రాస్తున్న 7-జిప్ ఉచితం, ఎన్ని రోజులైనా కొనమని అడగదు. దాని సొంత ఫార్మాట్ 7జెడ్. టెక్స్ట్, డేటాబేస్, బీఎంపీ లాంటివాటిని జిప్ కంటే బాగా కుదిస్తుంది. ఒకేలాంటి ఫైళ్ళన్నింటినీ ఒకే గుడ్డ తాను లాగా చూసి కుదించడం వల్ల వచ్చే లాభం అది. దాని ఖరీదు కూడా అక్కడే ఉంది. మధ్యలో ఒక చోట పాడైతే ఆ తానులో తర్వాత ఉన్న ఫైళ్ళు కూడా పోవచ్చు. జిప్‌లో ఫైళ్ళు విడివిడిగా కుదించి ఉంటాయి కాబట్టి నష్టం సాధారణంగా పాడైన ఫైల్ వరకే ఆగుతుంది.

అల్ట్రా జోలికి పోకండి. నార్మల్‌కూ దానికీ తేడా చాలాసార్లు కొంచెమే. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత మిషన్ మాత్రం చెమటలు పడుతుంది. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటి నుంచే.

తెరిచేవాళ్ళ సంగతి: విండోస్ 11 తన నవీకరణలలో 2023 నుంచి 7జెడ్‌ను విప్పుతోంది, 2024లో వచ్చిన 24హెచ్2 అనే వెర్షన్ నుంచి కట్టడం కూడా నేర్చుకుంది. విండోస్ 10లో 7-జిప్ వేసుకోవాల్సిందే. మ్యాక్‌లో కేకా గానీ ది అన్‌ఆర్కైవర్ గానీ ఉంటే నిశ్చింత. కాబట్టి మీ పాత లెక్కలు మీ దగ్గరే దాచుకోవడానికి 7జెడ్ మంచిది. పంపడానికైతే అవతల అడిగి పంపండి.

రార్: వచ్చింది విప్పండి, కొత్తగా కట్టకండి

రష్యాకే చెందిన యూజీన్ రోషల్ 1993లో తెచ్చిన రార్‌ను మా దిక్కు స్టూడియోలు ఇంకా వదలడం లేదు. విన్‌రార్ 40 రోజుల ఉచిత వాడకం అయిపోయాక కూడా గుర్తుచేస్తూ నడుస్తూనే ఉంటుంది కాబట్టి అందరూ దాన్ని ఉచితమే అనుకుంటారు. నిజానికి కొనాల్సిన సాధనం. రార్‌ను విప్పే సాధనాలు చాలా ఉన్నాయి, 7-జిప్ కూడా విప్పుతుంది. కట్టడానికి మాత్రం ఆ కంపెనీ సాధనమే కావాలి.

ఒక్క విషయంలో దాన్ని మెచ్చుకోవాలి. ‘రికవరీ రికార్డ్’ పెట్టి కడితే ఫైల్ కొంత పాడైనా బాగు చేసుకోవచ్చు. పెళ్ళి వీడియోలు డీవీడీల మీద దాచేవాళ్ళకు ఇది ఉపయోగమే, గీతలు పడ్డ డీవీడీ నుంచి కూడా గట్టెక్కొచ్చు. మిగతావాళ్ళకు దాన్ని కొనాల్సిన కారణం నాకు కనిపించలేదు. ఇప్పటికే వేసుకుని ఉంటే వెర్షన్ చూసుకోండి. 6.23 కంటే పాతదైతే, దొంగబుద్ధితో కట్టిన జిప్ ఫైల్‌ను అందులో తెరిచి లోపలి ఫోటోను క్లిక్ చేసినా దొంగ ప్రోగ్రాం నడిచే లోపం అందులో ఉంది, 2023లో బయటపడింది. విన్‌రార్ తనంతట తాను కొత్త వెర్షన్ తెచ్చుకోదు. ఆ మాటకొస్తే 7-జిప్ కూడా తెచ్చుకోదు, ఏడాదికి రెండుసార్లు మనమే చూసుకోవాలి.

టార్: లినక్స్ పిల్లలకు

నల్లగొండ, పాలమూరు ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు ప్రాజెక్టు ఫైల్‌ను టార్-జీజెడ్‌లో తెచ్చి ప్రింటుకు ఇస్తుంటారు. టార్ అంటే టేపు మీద దాచే మూట, 1979 నాటి యూనిక్స్ కాలం నుంచి ఉంది. అది తనంతట తాను ఏమీ కుదించదు, ఫైళ్ళను వరుసగా పేర్చి ఒక్కటి చేస్తుంది. కుదించే పని జీజిప్‌దో, ఎక్స్‌జెడ్‌దో, కొత్తగా 2016లో వచ్చిన జెడ్‌స్టాండర్డ్‌దో. టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైప్ చేసే కిటికీలో, టార్ తర్వాత సి, జెడ్, ఎఫ్ అనే మూడు అక్షరాలు: సి అంటే తయారుచెయ్యి, జెడ్ అంటే జీజిప్‌తో కుదించు, ఎఫ్ అంటే ఈ పేరుతో. ఆ పైన ముందు కొత్త ఫైల్ పేరు, తర్వాత ఫోల్డర్ పేరు. ఫోల్డర్ బదులు ఒక ఫైల్‌ను కట్టేటప్పుడు ఈ వరుస తారుమారు చేస్తే ఉన్న ఫైల్ మీద రాసేసుకుంటారు. మా దగ్గర పని చేసే పిల్లాడు ఒకసారి చేశాడు కూడా.

ఏ ఫైల్ ఎవరిది, దేనికి నడిచే అనుమతి ఉంది అనే వివరాలు టార్ భద్రంగా మోసుకుపోతుంది. 7జెడ్ లినక్స్‌లో ఫైల్ యజమాని వివరాన్ని దాచదు. అందుకని లినక్స్ సర్వర్ బ్యాకప్‌కు టారే సరి. విండోస్‌లో టార్ లేదనుకోకండి. 2018 నుంచి విండోస్ 10 కమాండ్ ప్రాంప్ట్‌లో అదే పేరుతో ఉంది, చాలామందికి తెలియదంతే. ప్రాజెక్టు కట్టే ముందు మళ్ళీ దించుకోగలిగే లైబ్రరీల ఫోల్డర్‌ను, ముఖ్యంగా నోడ్ మాడ్యూల్స్‌ను, తీసేయండి. మీ కోడ్ గుప్పెడు, అది బస్తా.

పాస్‌వర్డ్ పెట్టాలంటే

భూమి పాసుపుస్తకాల స్కాన్లు, ఆధార్, పాన్, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఒకే జిప్‌లో వేసి పంపే రోజులివి. విండోస్ సొంత జిప్‌లో పాస్‌వర్డ్ పెట్టే దారి ఇప్పుడు లేదు, ఎక్స్‌పీ కాలంలో ఉండేది. కాబట్టి 7-జిప్ కావాలి. అక్కడ జిప్‌కు రెండు రకాల తాళాలు చూపిస్తుంది. జిప్‌క్రిప్టో పాతది. దాన్ని ఎట్లా పగలగొట్టొచ్చో 1994లోనే ఇద్దరు పరిశోధకులు రాసి చూపించారు. ఏఈఎస్-256 గట్టిది, కానీ అట్లా కట్టిన జిప్‌ను విండోస్ 10 తన సొంత సాధనంతో విప్పలేదు. ఇంతదూరం చెప్పిన సులువు ఇక్కడికి వచ్చేసరికి జిప్‌కు పోయింది. గట్టి తాళం కావాలంటే రెండువైపులా ఒక సాధనం వేసుకోక తప్పదు. ఎట్లాగూ వేసుకుంటున్నప్పుడు 7జెడ్‌నే వాడటం మేలు.

ఎందుకంటే జిప్‌లో తాళం ఉన్నా లోపలి ఫైళ్ళ పేర్లు బయటికి కనిపిస్తాయి. ‘భూమి అమ్మకం ఒప్పందం’ అని పేరుంటే తెరవకుండానే సగం సంగతి తెలిసిపోతుంది. 7జెడ్‌లో ‘ఎన్‌క్రిప్ట్ ఫైల్ నేమ్స్’ గడిలో టిక్ పెడితే పేర్లు కూడా దాగుతాయి. అయితే అట్లా పేర్లు దాచిన ఫైల్‌ను జీమెయిల్ అటాచ్‌మెంట్‌గా తీసుకోదు, లోపల ఏముందో చూడలేనిదాన్ని ఆపేస్తుంది. పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి, లేదా వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి.

నాలుగు అంకెల పాస్‌వర్డ్ అంటే పది వేల అవకాశాలే, కంప్యూటర్‌కు అది టీ తాగేంత సేపు కూడా కాదు. పేరులో నాలుగక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపి పెట్టే అలవాటు చాలామందికి ఉంది. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు అదే పద్ధతి కాబట్టి అందరికీ తెలిసిన తాళం అది. సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి పెట్టుకోండి. మనకు గుర్తుంటుంది, ఊహించడం కష్టం. ఫైల్ పంపిన చాట్‌లోనే పాస్‌వర్డ్ రాయకండి, ఫోన్ చేసి చెప్పండి. మరిచిపోతే మాత్రం మా దగ్గరికి తెచ్చి లాభం లేదు. ఏఈఎస్ తాళం పోతే విప్పే మంత్రం మా దగ్గర లేదు, ఉందని పైసలు అడిగేవాళ్ళ దగ్గర కూడా లేదు.

పంపినా, దాచినా, అసలు ఫోల్డర్ తీసేసే ముందు ఒక పని ఉంది. 7-జిప్‌లో ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ‘టెస్ట్ ఆర్కైవ్’ నొక్కండి, లోపలున్న ప్రతి ఫైల్‌ను విప్పి చూసి లెక్క సరిపోయిందో లేదో చెబుతుంది. పెన్‌డ్రైవ్‌కు ఎక్కించినదైతే పెన్‌డ్రైవ్ మీదున్న నకలునే టెస్ట్ చేయండి, హార్డ్ డిస్క్ మీదున్నదాన్ని కాదు. పెన్‌డ్రైవ్‌ను ఎజెక్ట్ చేయకుండా గుంజేసినప్పుడు పాడయ్యేది ఆ నకలే. మిర్యాలగూడ అన్నకు ఇది కూడా రాసిచ్చాను. ఇప్పుడు పెన్‌డ్రైవ్ తీసే ముందు రెండుసార్లు టెస్ట్ నొక్కుతున్నాడట.